వాగులో మొదలై విస్తరి దాకా: వనభోజనాల చోట ప్లాస్టిక్ పని డైరీ

భాద్రపదం, రెండో వారం. చోటు చూపు

అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి రిజర్వాయరులో నిలిచి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖపట్నానికి తాగునీరు. కొండ మీద వాగు ఒడ్డున పులిహోర తిని గ్లాసు విసిరేసినవాళ్లలో సగం మంది ఇంటికెళ్లి తాగేది ఆ నీళ్లే. ఈ డైరీ గోస్తనిలో కలిసే ఒక పిల్లవాగు గురించి. ఘాట్ రోడ్డు నుంచి కాలిబాట, ఒడ్డున నాలుగైదు ఉసిరి చెట్లు, చదునైన బండ, కింద మడుగు. కార్తీకంలో వనభోజనాలకి ఇంతకంటే ఏం కావాలి!

చోటు పేరు రాయడం లేదు. రాస్తే వచ్చే వారం ఇంకో పది బళ్లు వస్తాయి.

మొదటి పని ఏరడం కాదు, లెక్క. ఒడ్డు వెంట 100 మీటర్ల తాడు పరిచి, దానికి రెండు వైపులా ఒక్కో మీటరు వెడల్పున కనపడిన ప్రతి వస్తువునూ రకం వారీగా రాసుకోవాలి. తూకం వేయకూడదు. తడిసి, లోపల బురద పట్టిన చిప్స్ కవరు అసలు బరువుకి ఎన్నో రెట్లు తూగుతుంది. ఆ తూకంతో ఈ నెలకీ వచ్చే నెలకీ పోలిక కుదరదు. లెక్కపెట్టిన వస్తువైతే ఎండలోనైనా వానలోనైనా ఒకటే. పుస్తకంలో తొమ్మిది గళ్లు చాలు: నీళ్ల సీసా, మూత, గ్లాసు, ప్లేటు, స్పూను, చిప్స్-బిస్కెట్ కవరు, క్యారీ బ్యాగు, థర్మోకోల్ ముక్క, గాజు. పదో గడి 'ఇతరం' అని పెడితే అలిసిపోయినవాళ్లు అన్నీ అందులోకే తోసేస్తారు. అందుకే పెట్టలేదు.

అనుమతులు. రిజర్వు ఫారెస్టు కాబట్టి రేంజి ఆఫీసులో అర్జీ. ఏజెన్సీ ప్రాంతం కాబట్టి గ్రామసభలో మాట. రెండోది ముందు జరగాలి. ఊరికి చెప్పకుండా వాగులో చెత్త ఆపే తీగ కడితే, చేపలకి వెళ్లేవాళ్లు కోసి పడేస్తారు. వాళ్ల తప్పేం లేదు.

భాద్రపదం, నాలుగో వారం. ఏరడం

ఏరే పనిలో దెబ్బలు తగిలేది గాజు వల్ల. పగిలిన బీరు సీసా ముక్కలు బస్తాలో వేస్తే, మోసేవాడి పిక్క కోసుకుపోతుంది. గాజుకి 15 కేజీల నూనె డబ్బా ఒకటి విడిగా ఉండాలి, పైన కట్ చేసి, అంచు లోపలికి మడిచి. చేతికి రబ్బరు పూత ఉన్న గ్లవ్స్. పల్చటి ఆసుపత్రి గ్లవ్స్ పది నిమిషాలు కూడా ఆగవు. వంటింటి పట్టకారు పొట్టిది, నడుం పట్టేస్తుంది. 75 సెంటీమీటర్ల వెదురు బద్దను మధ్యలో సెగ చూపి వంచితే పొడుగు పట్టకారు తయారు, సీసాలకి అదే మేలు. కర్ర చివర మేకు కొట్టిన పోటు పొడి కవర్లకి బాగుంటుంది కానీ, ఎండకి పెళుసెక్కిన కవర్లని నాలుగు ముక్కలు చేస్తుంది. అలాంటివి చేత్తోనే తీయాలి.

ఆకుల గుట్టని, రాళ్ల మధ్య ఇరుక్కున్న కవర్లని ముందు కర్రతో కదపాలి. రక్తపింజరి గానీ తేలు గానీ ఉందా అన్నది తర్వాత చూసుకునే విషయం కాదు.

బస్తాల సంగతి. బియ్యం బస్తా కూడా ప్లాస్టిక్ అల్లికే. ఎండలో కొన్ని నెలలు పడి ఉంటే పోగులు పోగులుగా రాలిపోతుంది. ఏరిన చెత్తని అందులో నింపి చెట్టు కింద వదిలేయడమంటే ఏరని దానికంటే అన్యాయం. నింపినరోజే కిందికి దిగాలి. దిగే బండి కుదరకపోతే ఆరోజు ఏరడమే వద్దు.

కాల్చిన చోట్లు ఐదు కనపడ్డాయి. 'శుభ్రం చేసి వెళ్దాం' అనుకున్నవాళ్ల పని అది. ప్లాస్టిక్ కరిగి బూడిదతో, రాళ్లతో ముద్దకడుతుంది, ఇక ఏ చెత్త షెడ్డువాళ్లూ తీసుకోరు. ఇసుక జల్లెడతో జల్లించి, పైన నిలిచిన ముద్దలని విడిగా కట్టాం. దానికి పట్టిన సమయంలో మిగతా ఒడ్డంతా ఏరొచ్చు.

ఆశ్వయుజం, మొదటి వారం. తేలే అడ్డు తయారీ

ఒడ్డున ఏరినా, వానకి పైనుంచి కొట్టుకొచ్చేది ఆగదు. దానికి వాగుకి అడ్డంగా తేలే కంచె.

సామాను: 110 మి.మీ. పీవీసీ పైపులు 6 మీటర్లవి రెండు, రెండువైపులా మూయడానికి 16 ఎండ్ క్యాపులు, సాల్వెంట్ గమ్ము, 25 మి.మీ. గడి ఉన్న జీఐ (జింకు పూత ఇనుము) వెల్డ్ మెష్ 30 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ, 6 మి.మీ. స్టీలు వైరు రోపు, రోపు క్లాంపులు, లారీ ట్యూబు పాతది ఒకటి.

ఒక్కో పైపుని ఒకటిన్నర మీటరు చొప్పున నాలుగు ముక్కలు కోస్తే మొత్తం ఎనిమిది. ఐదు అడ్డుకి, రెండు ఒడ్డున చెత్త చేరే గూడుకి, ఒకటి అదనం. పూర్తిగా ముంచితే ఒక్కో ముక్క సుమారు 14 లీటర్ల నీటిని పక్కకి నెడుతుంది, అంటే దాదాపు 14 కేజీలు తేల్చగలదు. పైపు, మెష్, అడుగున బరువు కలిపి నాలుగు కేజీలు దాటదు. మూడో వంతు మునిగి తేలుతుంది, అంతే కావాలి. పూర్తిగా పైకి తేలితే గాలికి ఊగి కిందినుంచి సందు ఇస్తుంది. గమ్ము పూశాక ఒక రోజు ఆరనిచ్చి, తొట్టిలో ముంచి బుడగలు వస్తున్నాయా చూడాలి. రెండు క్యాపుల దగ్గర వచ్చాయి. పైపు కోసిన అంచుకి రంపపు పొట్టు అంటుకుని ఉండటమే కారణం, గీకి మళ్లీ అతికిస్తే సరిపోయింది.

మెష్ బదులు చేపల వల కడదామన్న ఆలోచన వచ్చింది, మానేశాం. వలలో చేపా, నీటిపామూ చిక్కుకుంటాయి. పైగా తెగితే అదీ ప్లాస్టిక్ చెత్తే.

కట్టే చోటు: వాగు మలుపులో కాదు, తిన్నగా పారే చోట. వెడల్పు 6 మీటర్లు, లోతు కనీసం 60 సెంటీమీటర్లు ఉండాలి. మెష్ కింద జానెడు పైగా ఖాళీ ఉంటేనే చేపలు అటూ ఇటూ తిరుగుతాయి. అడ్డుని పారే దిక్కుకి 45 డిగ్రీల వాలులో కట్టాలి. సూటిగా అడ్డం కడితే చెత్త మధ్యలో పోగై, బరువుకి కిందినుంచి దూరుతుంది. వాలుగా కడితే జారుతూ ఒక ఒడ్డుకి చేరుతుంది, చేత్తో తీసుకోవచ్చు.

నీటి వేగం తెలుసుకోడానికి కమలాపండు చాలు. 10 మీటర్ల దూరం కొలిచి, పండు వదిలి, సెకన్లు లెక్కపెట్టాలి. 20 సెకన్లు పడితే సెకనుకి అర మీటరు. పైనీరు వేగం అది, మొత్తం ప్రవాహం సగటు దానికి 85 శాతం దాకా ఉంటుంది.

ఇప్పుడు అసలు లెక్క. మెష్‌కి ఆకులు పట్టాక అది గడుల కంచె కాదు, గోడ. రెండు చదరపు మీటర్ల గోడ మీద సెకనుకి అర మీటరు వేగంలో నీరు నెట్టే బలం సుమారు 30 కేజీలు. ఒక మీటరు వేగంలో 120. రెండు మీటర్ల వేగంలో 480. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. రోపుని బిగుతుగా లాగి కడితే దాని మీద పడే లాగుడు ఇంకా పెరుగుతుంది. అందుకే పొడవులో పదో వంతు వరకు వదులుగా వంపు ఉంచాం.

వరద వస్తే ఎలాగూ నిలవదు, నిలబెట్టాలని చూడకూడదు కూడా. ఎగువ ఒడ్డు కొసన వైరు రోపుకీ చెట్టుకీ మధ్య కొబ్బరి తాడు ముక్క కట్టాం. ఇసుక బస్తాలు వేలాడదీసి, 300 కేజీల దగ్గర తెగే మందం చూసుకున్నాం. వరదలో ఆ తాడు తెగుతుంది, అడ్డు తలుపులా తిరిగి దిగువ ఒడ్డుకి ఆనుకుంటుంది. ఇంట్లో ఫ్యూజు ఎందుకో ఇదీ అందుకే.

ఆశ్వయుజం, రెండో వారం. అడ్డు దిగింది

కట్టడానికి చెట్లనే వాడాల్సి వచ్చింది. వైరు రోపు నేరుగా చుడితే బెరడు కోసుకుని చెట్టు చస్తుంది. నాలుగు మడతల గోనె పట్టా చుట్టి, దాని మీద వెదురు బద్దలు నిలువుగా పేర్చి, ఆపైన రోపు.

మొదటి రోజే రెండు లోపాలు. ఒకటి: పైపు ముక్కల మధ్య జానెడు సందుల్లోంచి సీసా మూతలు బారులు తీరి వెళ్లిపోయాయి. లారీ ట్యూబు కోసి ప్రతి సందుకీ అంగీ తొడిగినట్టు తొడిగాం. రెండు: ఒడ్డుకీ మొదటి ముక్కకీ మధ్య ఖాళీ. నీరు తగ్గినప్పుడు అది ఇంకా పెరుగుతుంది. అక్కడ మెష్ ముక్కని రాళ్ల మధ్య దోపాం. నీటిమట్టం మారినప్పుడల్లా సరిచేయాలి, దీనికి శాశ్వతమైన ఉపాయం దొరకలేదు.

ఆశ్వయుజం, నాలుగో వారం. ఏది ఆగింది, ఏది ఆగలేదు

తుఫాను వాన పడింది. కొబ్బరి తాడు తెగింది, అడ్డు ఒడ్డుకి చేరింది, ఒక క్యాపు పగిలింది, అంతే. అదనపు ముక్క ఎందుకుంచాలో ఆరోజు తెలిసింది.

అసలు పాఠం వేరే ఉంది. గూట్లో చేరిన రకాలని ఒడ్డు లెక్కతో పోల్చితే మూడు రకాలు దాదాపు లేవు: మూతలేని సీసాలు, గట్టి తెల్ల స్పూన్లు, నానిన పేపరు గ్లాసులు. కారణం సాంద్రత. నీటిది 1 అనుకుంటే, సీసా చేసే పెట్ ప్లాస్టిక్‌ది 1.38. మూత బిగిస్తే లోపలి గాలితో తేలుతుంది, మూత తీసేస్తే నీళ్లు నిండి అడుగుకి పోతుంది. మూత మాత్రం వేరే ప్లాస్టిక్, నీటికంటే తేలిక, ఎప్పుడూ తేలుతుంది. పెళుసుగా విరిగే స్పూను పాలిస్టైరీన్, 1.05, మునుగుతుంది. వంగే స్పూను పాలీప్రొపిలీన్, 0.9, తేలుతుంది. థర్మోకోల్ కూడా పాలిస్టైరీనే, గాలి బుడగల వల్ల తేలుతుంది. పేపరు గ్లాసు గంటో పూటో తేలి, నానాక మునుగుతుంది. క్యారీ బ్యాగు తేలే రకమే అయినా బురద పట్టి నీటి మధ్యలో, మెష్ కింద అంగుళాల లోతున, దయ్యంలా పోతుంది.

అంటే అడ్డు పట్టేది తేలేదాన్ని మాత్రమే. మునిగేది మడుగు అడుగున ఉంటుంది, వేసవిలో దిగి తీయాలి. మెష్‌ని అడుగుదాకా దించితే అది ఆనకట్ట అవుతుంది, దాన్ని వాగు ఒప్పుకోదు. అడ్డు ఉంటుంది, రోజూ గూడు ఖాళీ చేస్తాం. కానీ పని ఇక ఎగువకి జరగాలి: వాగు నుంచి బండ మీదికి, బండ నుంచి విస్తరి దగ్గరికి.

కార్తీకం, మొదటి వారం. డస్ట్‌బిన్లు తీసేశాం

బండ దగ్గర ఎవరో దాతలు పెట్టిన మూడు డ్రమ్ములు ఉన్నాయి. వాటిని తీసేయమని ఊళ్లో అడిగితే ముందు అందరూ వింతగా చూశారు. డ్రమ్ము ఉంటే జనం అందులో వేస్తారు, నిజమే. నిండాక పక్కన వేస్తారు. ఖాళీ చేసే బండి వారానికోసారి కూడా రాదు. కోతులు రోజుకి రెండుసార్లు వస్తాయి. కోతి కవరు చింపి మెతుకు తిని, చింపింది చెట్టెక్కి వదిలేస్తుంది. రోజూ ఖాళీ చేయలేని డస్ట్‌బిన్ అంటే చెత్తకి పోగు వేసే చోటు, అంతే. డ్రమ్ములని ఘాట్ రోడ్డు మీద బళ్లు ఆగే చోటికి, టీ బడ్డీల ఎదురుగా మార్చాం. బిగించే మూతతో, గొలుసుతో. చెత్త అక్కడిదాకా మోయాల్సింది తెచ్చినవాళ్లే.

కార్తీకం, రెండో వారం. ప్లేట్లు

ఆదివారాలు, సోమవారాలు జనం ఎక్కువ. ఆఫీసుల జట్లు, కుల సంఘాలు, అపార్టుమెంటువాళ్లు. ఒక్కో జట్టులో 40 నుంచి 100 మంది. మనిషికి ఒక ప్లేటు, రెండు మూడు గ్లాసులు, స్పూను, సీసా. వాగులోకి పోయేది ముప్పాతిక వంతు ఇక్కడే పుడుతోందని ఒడ్డున చూస్తే చాలు, లెక్క కూడా అక్కర్లేదు.

ముందు చట్టం సంగతి, ఎందుకంటే బడ్డీవాళ్లతో గొడవలు వస్తున్నాయి. 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించిన జాబితాలో ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, స్పూన్లు, ఫోర్కులు, స్ట్రాలు, అలంకరణ థర్మోకోల్ ఉన్నాయి. క్యారీ బ్యాగుల మందం 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకి తగ్గకూడదు. నీళ్ల సీసా, చిప్స్ కవరు, లోపల ప్లాస్టిక్ పూత ఉన్న పేపరు గ్లాసు ఆ జాబితాలో లేవు. లేనిదాని మీద దబాయిస్తే ఉన్నదాని మీద చెప్పిన మాట కూడా వినరు.

పేపరు గ్లాసు 'పేపరే కదా' అనేవాళ్లకి చూపించే పరీక్ష: గ్లాసుని చింపి వేడినీళ్లలో పావుగంట నానబెట్టాలి. కాగితం గుజ్జయి, పల్చటి పొర ఒకటి విడిగా చేతికొస్తుంది. 'ఆకు ప్లేట్లు' అని మిషను మీద నొక్కి అమ్మేవాటిలోనూ కొన్నిటికి ఆకుకీ అట్టకీ మధ్య ఇదే పొర. అడుగు అట్టని గిల్లి చూసి కొనాలి.

అసలైన అడ్డాకుల విస్తర్లు ఈ కొండల్లోనే కుడతారు. సన్నపుల్లలతో కుట్టిన ఎండు విస్తరి, ప్లాస్టిక్ చుక్క ఉండదు. వాడడం తెలియక జనం వద్దంటున్నారు. ఎండినదాన్ని నేరుగా పరిస్తే పెటపెటా విరుగుతుంది. అరగంట ముందు నీళ్లు చిలకరించి, తడిగుడ్డ కప్పి ఉంచితే మెత్తబడుతుంది. పులుసు కారకుండా అన్నం నడుమ గుంట చేసుకునే అలవాటు పాతతరంలో ఉంది, కొత్తవాళ్లకి చూపించాలి. తిన్నాక విస్తర్లని వాగులో వేయకూడదు. కుళ్లితే నీటిలో ప్రాణవాయువు పోతుంది, మన అడ్డుకి కూడా అడ్డుపడతాయి. ఒక మీటరు గొయ్యి, పొరకి మన్ను, పైన ముళ్లకంప, లేకపోతే కుక్కలు లాగుతాయి.

పెద్ద జట్లకి స్టీలు ప్లేట్ల బ్యాంకు. 200 ప్లేట్లు, 200 గ్లాసులు. 20కి ఒక కట్ట, అంచున సుత్తితో కొట్టిన చుక్క గుర్తు, అద్దె లేదు, డిపాజిట్ ఉంది. కడగడం మూడు తొట్లలో. మెతుకులు ముందు బకెట్లోకి గీకేయాలి, అప్పుడే మొదటి తొట్టి నీళ్లు 50 ప్లేట్ల దాకా ఆగుతాయి. 200 ప్లేట్లకి మొత్తం 500 లీటర్ల నీళ్లు చూసుకోవాలి. కడిగే చోటు వాగుకి కనీసం 30 మీటర్ల దూరం, కింద గులకరాళ్ల ఇంకుడుగుంట. 'కుంకుడుకాయలే కదా, వాగులోనే కడిగేద్దాం' అన్నవాళ్లున్నారు. కుంకుడు నురగ చేపలకి విషం. వెనకటికి చేపలు పట్టడానికే వాడేవాళ్లు.

పోయేవి గ్లాసులే, ప్లేట్లు కావు. గ్లాసు సంచిలో ఇమిడిపోతుంది మరి.

కార్తీకం, నాలుగో వారం. సీసాకి పది రూపాయలు

ప్లేటు తగ్గాక లెక్కలో ముందుకొచ్చింది నీళ్ల సీసా. 2022లో నీలగిరుల్లో మద్యం సీసాకి పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగిచ్చే పద్ధతి మద్రాసు హైకోర్టు ఆదేశాలతో మొదలైంది. అదే పద్ధతి రోడ్డు మీది ఐదు బడ్డీల్లో నీళ్ల సీసాలకి పెట్టి చూశాం.

చిక్కు గుర్తు దగ్గర. గుర్తు లేకపోతే కింద ఊళ్లో కొన్న సీసాలకి కూడా ఇక్కడ పది రూపాయలు అడుగుతారు. కాగితం స్టిక్కరు ఐసుపెట్టెలో ఊడింది. మార్కరుతో లేబులు మీద గీస్తే లేబులే చిరిగింది. చివరికి సీసా మెడ మీద గోళ్లరంగు చుక్క. ఆరడానికి రెండు నిమిషాలు, తడికి పోదు. బడ్డీకో రంగు పెడితే ఏ సీసా ఎక్కడిదో తెలుస్తుంది, లెక్కల్లో తగాదా ఉండదు. ఐదు రూపాయలతో మొదలుపెట్టిన బడ్డీలో సీసాలు తిరిగి రాలేదు. కారులో వచ్చినవాడికి ఐదు రూపాయలు పార్కింగు చిల్లర. పదికి మాత్రం, తాగినవాడు కాకపోయినా, ఊరి పిల్లలు ఏరి తెచ్చి ఇస్తున్నారు. మనకి కావాల్సింది అదే, కానీ బడి వేళల్లో ఇవ్వొద్దని బడ్డీవాళ్లకి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

వెనక్కొచ్చిన సీసాని మూత తీసి, కాలితో నొక్కి, మళ్లీ మూత బిగించాలి. గాలి చేరదు, మూత పోదు, బస్తాలో చాలా ఎక్కువ పడతాయి.

మార్గశిరం, మొదటి వారం. కిందికి పంపడం

పంచాయతీ చెత్త నుంచి సంపద తయారీ కేంద్రంవాళ్ల షరతు ఒకటే: పొడిగా, రకం వారీగా. సీసాలు, గట్టి ప్లాస్టిక్ పాతసామాన్లవాళ్లు కొంటారు. చిప్స్ కవరు ఎవరూ కొనరు. లోపల వెండిలా మెరిసే పొర, పైన రంగుల పొర, మధ్యలో అతుకు, వీటిని విడదీసి మళ్లీ వాడటం లాభసాటి కాదు. సిమెంటు ఫ్యాక్టరీ బట్టీల్లో బొగ్గుకి తోడుగా మండించడమే దానికి మిగిలిన దారి. దానికి కూడా తడి ఉండకూడదు. కవర్లని కోసి, బండ మీద పరిచి, పైన మెష్ కప్పి ఒక ఎండ. మెష్ మర్చిపోయిన రోజు గాలికి అన్నీ మళ్లీ వాగులోకే.

మార్గశిరం, మూడో వారం. మళ్లీ లెక్క

అదే తాడు, అదే 100 మీటర్లు, అవే తొమ్మిది గళ్లు. ప్లేట్లు, స్పూన్ల గళ్లు బాగా తగ్గాయి. సీసాలు తగ్గాయి, మూతలు అంత తగ్గలేదు, పాతవి మట్టిలోంచి ఇంకా తేలుతున్నాయి. చిప్స్ కవర్లు ఏమాత్రం తగ్గలేదు. దానికి డిపాజిట్ పెట్టలేం, బదులు వస్తువూ లేదు. బడ్డీల్లో పెద్ద పొట్లాలే పెట్టి, రెండు మూడు రూపాయల చిన్న పొట్లాల దండలు తీసేయమని అడుగుతున్నాం. ఐదింట్లో రెండు ఒప్పుకున్నాయి.

సంక్రాంతి రద్దీకి ముందు చేయాల్సినవి: కొబ్బరి తాడు మార్చాలి, తడికి ఇప్పటికే పోగులు లేచాయి. లారీ ట్యూబు తొడుగుల్లో మూడోది చిరిగింది. ఇంకో 60 గ్లాసులు కావాలి. మడుగు అడుగు తీయడం మాత్రం నీరు మోకాలికి దిగాక, ఫాల్గుణంలో.